ప్రత్యర్థి కూడా వింటున్నాడు: బ్రిడ్జిలో బిడ్డింగు, డిఫెన్స్ సంకేతాలు

బ్రిడ్జి అనే పేకాటలో ఒక జంట తమలో తాము చెప్పుకునే ప్రతి మాటా బల్ల చుట్టూ కూర్చున్న నలుగురికీ వినిపిస్తుంది. నియమం ప్రకారం అలా వినిపించి తీరాలి. వేలంలో ఏ బిడ్డుకు (పాటకు) ఏమి అర్థమో, ఆటలో రెండు ముక్క వేయగలిగిన చోట ఎనిమిది వేస్తే ఏమని ఒప్పందమో ప్రత్యర్థి అడిగినప్పుడు దాచకుండా చెప్పాలి. భాగస్వాములిద్దరికి మాత్రమే తెలిసిన ఒప్పందం ఒక్కటున్నా దాన్ని మోసం అనే అంటారు. ఈ ఒక్క నియమాన్ని చివరిదాకా వదలకుండా పట్టుకుని ఆలోచిస్తే, బిడ్డింగు గురించీ డిఫెన్స్ సంకేతాల గురించీ మనకు తరచుగా దొరికే సలహాల్లో చాలావాటిని మళ్లీ తూచి చూడాల్సి వస్తుందని నా అభిప్రాయం.

ఆ సలహా సారాంశం ఏమిటంటే, మీ చేతిలోని ముక్కలను భాగస్వామికి ఎంత కచ్చితంగా వర్ణిస్తే అంత మంచిది, కాబట్టి పద్ధతులు నేర్చుకోండి, ఒప్పందాలు పెంచుకోండి. వింటున్నది ఒక్కరు కాదు ముగ్గురన్న సంగతికి ఇందులో చోటే లేదు. ఒక సందేశం విలువ అందులో ఎంత సమాచారం ఉందన్న దానిమీద ఆధారపడదు. ఆ సందేశం వల్ల భాగస్వామి నిర్ణయం ఎంత బాగుపడింది, ప్రత్యర్థుల నిర్ణయం ఎంత బాగుపడింది అన్న రెండింటి తేడాయే దాని విలువ. ఈ కొలతతో చూస్తే బిడ్డింగులో మనం గొప్పగా చెప్పుకునే పద్ధతులు కొన్ని నష్టదాయకంగా కనిపిస్తాయి. డిఫెన్స్‌లో మాత్రం దీనికి తిరగేసిన తప్పు జరుగుతుంది: చెప్పాల్సిన చోట నోరు మెదపరు, చెప్పకూడని చోట నిజాయితీగా చెప్పేస్తారు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. 52 ముక్కలను నలుగురికీ 13 చొప్పున పంచుతారు. ఎదురెదురుగా కూర్చున్నవారు భాగస్వాములు. ముందు వేలం నడుస్తుంది. తురుపు ఏ రంగు, ఎన్ని ట్రిక్కులు (నలుగురూ తలా ఒక ముక్క వేసే రౌండ్లు) తెస్తామని ఒప్పుకుంటున్నారు అన్నది అందులో తేలుతుంది. వేలం గెలిచిన జంటలో ఒకరు డిక్లేరర్ అవుతారు, రెండోవారి ముక్కలు డమ్మీగా బల్లమీద పరుస్తారు. అంటే డిక్లేరర్ తన పక్షంలోని 26 ముక్కలనూ కళ్లతో చూస్తూ ఆడతాడు. వాళ్లను అడ్డుకునే జంటకు, అంటే డిఫెండర్లకూ 26 ముక్కలే ఉన్నా, ఇద్దరిలో ఎవరికీ రెండోవారి చేతిలో ఏముందో కనబడదు. ఈ అసమానతే ఆట సగం కష్టానికి మూలం.

వేలానికి వాడే భాష చాలా సంపన్నమైనదని మొదటి చూపులో అనిపిస్తుంది. 1 కళావరు నుంచి 7 నోట్రంపు (తురుపు లేని ఆట) దాకా బిడ్డులు 35. బిడ్డులోని అంకెకు ఆరు కలిపితే తేవలసిన ట్రిక్కుల సంఖ్య వస్తుంది; వరుస కిందినుంచి కళావరు, డైమన్, ఆఠీన్, ఇస్పేటు, నోట్రంపు. పాస్, డబుల్, రీడబుల్ కలిపితే బల్లమీద పలకగల మాటలు 38. నియమాలకు లోబడి సాగగల వేలాలను లెక్కగడితే ఆ సంఖ్య 1 పక్కన 47 సున్నాలు పెట్టినదాన్ని మించిపోతుంది. పేకను నలుగురికీ పంచగల విధాలు ఇంతకన్నా చాలా తక్కువ, 5 పక్కన 28 సున్నాలకు కాస్త పైన. కాబట్టి ప్రతి పంపకాన్నీ పూర్తిగా వర్ణించేంత భాష మన దగ్గర ఉందని ఎవరైనా అనవచ్చు. కానీ అలా అనడంలో ఒక సంగతి మరుగున పడుతుంది. ఈ భాషలో ప్రతి మాటకూ వెల ఉంది. బిడ్డు ఎప్పుడూ పైకే వెళ్లాలి తప్ప కిందికి రాకూడదు. పైకి వెళ్లిన ప్రతి మెట్టూ మన ముక్కలు మోయగలవో లేవో తెలియని బరువును మనమీద పెడుతుంది. పైగా ఆ అసంఖ్యాకమైన వేలాల్లో అత్యధికం ప్రత్యర్థులు కూడా మాట్లాడితేనే సాధ్యమయ్యేవి, వాళ్లు మన సౌకర్యం కోసం మాట్లాడరు.

మెట్ల వెల ఎంతో తెలుసుకోవడానికి రిలే పద్ధతిని చూడటం మంచి మార్గం. ఇందులో ఒకరు ప్రతిసారీ అన్నిటికన్నా చౌకైన బిడ్డుతో అడుగుతూ పోతారు, రెండోవారు జవాబిస్తూ పోతారు. ఒక హద్దు దాటకుండా జవాబు పూర్తికావాలని అనుకుందాం. జవాబిచ్చేవారికి ఆ హద్దులోపల 3 మెట్లు మిగిలితే 3 రకాల చేతులను విడదీసి చెప్పగలరు. 4 మెట్లు మిగిలితే 5 రకాలు, 5 మిగిలితే 8, 6 మిగిలితే 13. ఇవి ఫిబొనాచి సంఖ్యలు. కారణం తేలికే. 4 మెట్లున్నప్పుడు మొదటి మెట్టు పలికితే, అడిగేవారు మరో మెట్టు ఖర్చుచేశాక ఇంకా 2 మెట్లు మిగులుతాయి కాబట్టి అక్కడ 2 రకాలు ఇముడుతాయి, మిగతా మూడు మెట్లకు ఒక్కొక్క రకం. అంటే ఒక మెట్టు పోయిన ప్రతిసారీ చెప్పగలిగిన రకాలు దాదాపు 1.6వ వంతుకు తగ్గిపోతాయి. చౌకైన బిడ్డులో ఎక్కువ రకాల చేతులను ఇమడ్చాలి, ఖరీదైన బిడ్డులో తక్కువ రకాలను ఉంచాలి అన్న సూత్రం ఇక్కడినుంచే పుట్టింది. సి.సి. వెయ్ రూపొందించిన ప్రెసిషన్ పద్ధతి బలమైన చేతులన్నిటినీ 1 కళావరు కింద చేర్చడంలో ఈ పొదుపే ఉంది. ఆ పద్ధతితోనే తైవాన్ జట్టు 1969 బెర్ముడా బౌల్ ప్రపంచ పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది.

ఈ తర్కాన్ని మొహమాటం లేకుండా ఇంకా ముందుకు తీసుకెళ్లినవారు కూడా ఉన్నారు. అన్నిటికన్నా చౌకైన మాట 1 కళావరు కాదు, పాస్. కాబట్టి ఆట ప్రారంభించదగిన మంచి చేతితో పాస్ చెప్పాలి, బలహీనమైన చేతితో ఏదో ఒక బిడ్డు వేయాలి! పోలండ్ ఆటగాళ్లు ఇలాంటి పద్ధతులను నిజంగానే పెద్ద పోటీల్లో ఆడి చూపించారు. లెక్క ప్రకారం అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఎదురు కూర్చున్నవారు తమకు అలవాటైన రక్షణ పద్ధతులన్నీ పక్కనబెట్టి కొత్తగా సిద్ధపడాల్సి వస్తుందన్న కారణంతో నిర్వాహకులు వాటిని చాలా పోటీల్లో నిషేధించారు. ఈ నిర్ణయం గురించి నాకు పూర్తి సమాధానం లేదు. ఇలాంటి ఇంకో నిషేధం దగ్గర దీన్ని మళ్లీ తలచుకుంటాను.

ప్రత్యర్థి మెట్లను కాజేయడం కూడా ఇదే లెక్కలోని భాగం. 3 ఇస్పేటుతో వేలం మొదలుపెడితే 35 మెట్లలో 14 ఒక్కసారిగా మాయమవుతాయి. దాని తర్వాతి మెట్టే 3 నోట్రంపు. గేమ్ (పెద్ద బోనస్ తెచ్చే ఒప్పందం) వేయాలా వద్దా అని ప్రత్యర్థులు తమలో తాము సంప్రదించుకోవడానికి ఒక్క మెట్టు కూడా మిగలదు. ఏడు ఇస్పేటు ముక్కలు, పక్కన చెప్పుకోదగ్గ బలమేమీ లేని చేతితో ఇలా గెంతేవాడు తన భాగస్వామికి చాలానే చెప్పాడు, అదే మాట ప్రత్యర్థులకూ చెప్పాడు. అయినా లాభం అతనిదే, ఎందుకంటే వాళ్లు విన్నదాన్ని వాడుకోవడానికి కావలసిన స్థలాన్ని కూడా అదే మాటతో లాగేసుకున్నాడు.

ఇప్పుడు అసలు తగాదా ఉన్న చోటికి వస్తాను. భాగస్వామి 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1), సమంగా పరుచుకున్న ముక్కలతో 1 నోట్రంపు పలికాడు. నా చేతిలో 11 పాయింట్లు, ఇస్పేటు నాలుగు, మిగతా మూడు రంగులూ మూడేసి. గేమ్ వేయాలన్నది ఖాయం. స్టేమన్ పద్ధతిలో 2 కళావరుతో అడిగి, అతని దగ్గరా నాలుగు ఇస్పేట్లు ఉన్నాయేమో కనుక్కుని 4 ఇస్పేటు ఆడాలా, లేక ఏమీ అడగకుండా 3 నోట్రంపు పలకాలా? చాలామంది అడుగుతారు, అడగడానికి పద్ధతి ఉన్నప్పుడు అడగకపోవడం బద్ధకమన్నట్టు చూస్తారు. నేను అడగను. నా చేతిలో మూడు ముక్కలకన్నా పొట్టి రంగు లేదు కాబట్టి తురుపుతో కోసి అదనపు ట్రిక్కు తెచ్చే అవకాశం నా వైపు దాదాపు లేదు; అలాంటప్పుడు పది ట్రిక్కులకన్నా తొమ్మిదే సులువు. ఇక అడిగినందుకు అయ్యే ఖర్చు చూడండి. అతను 2 ఆఠీన్ అంటాడు, నేను 3 నోట్రంపు అంటాను. లీడ్ చేయబోయే, అంటే మొదటి ముక్క వేయబోయే ప్రత్యర్థికి ఇప్పుడు డిక్లేరర్ దగ్గర నాలుగు ఆఠీన్లు, డమ్మీలో నాలుగు ఇస్పేట్లు ఉన్నాయని తెలిసిపోయింది. అతను నిశ్చింతగా డైమనో కళావరో తీస్తాడు. నేరుగా 1 నోట్రంపు, 3 నోట్రంపు అని ఊరుకుని ఉంటే అతను చీకట్లో తడుముకోవాల్సి వచ్చేది. తన పొడవాటి రంగు ఆఠీన్ అయితే దాన్నే తీసి మాకు ఒక ట్రిక్కు చదివించేవాడు కూడా.

ఇదే తర్కం ఆహ్వాన బిడ్డులకూ వర్తిస్తుంది. 8 లేదా 9 పాయింట్లతో 2 నోట్రంపు అని, నీ దగ్గర ఎక్కువుంటే 3 వెయ్యి, లేకుంటే ఆగు అని చెప్పడం పాఠ్యపుస్తకం నేర్పే మర్యాద. జట్ల పోటీలో వల్నరబుల్‌గా (బోనస్, జరిమానా రెండూ ఎక్కువుండే స్థితిలో) ఉన్నప్పుడు లెక్క వేద్దాం. గేమ్ వేసి తొమ్మిది ట్రిక్కులు తెస్తే 600, వేయకుండా అవే తొమ్మిది తెస్తే 150. 450 తేడాకు 10 ఇంప్‌లు (జట్ల పోటీలో లెక్కించే మార్కులు). గేమ్ వేసి ఎనిమిదే తెస్తే 100 నష్టం, 2 దగ్గర ఆగి ఉంటే 120 లాభం. 220 తేడాకు 6 ఇంప్‌లు. అంటే 16లో 6, నూటికి 37.5 వంతుల అవకాశం ఉన్నా గేమ్ వేయడం నష్టం కాదు. ఇంత తక్కువ అవకాశం చాలినప్పుడు మధ్యలో ఆగి సంప్రదించుకోవడం వల్ల భాగస్వామికి కలిగే మేలు స్వల్పం. డిక్లేరర్ దగ్గర 15 ఉన్నాయా 17 ఉన్నాయా అన్న సంగతి డిఫెండర్లకు తెలియజేయడం మాత్రం స్వల్పం కాదు. తమ ఇద్దరి మధ్యా ఎన్ని పాయింట్లు మిగిలాయో వాళ్లు ఆట చివరిదాకా ఆ లెక్కతోనే పోల్చుకుంటారు. కాస్త మెరుగైన తొమ్మిదైతే దూకాలి, నీరసమైన ఎనిమిదైతే పాస్ అనాలి. ఆహ్వానాన్ని పూర్తిగా రద్దుచేయమని అనడం లేదు గానీ, దాని చోటు ఇప్పుడున్నదానికన్నా బాగా ఇరుకు కావాలి.

స్లామ్ దగ్గర ఈ వాదన బలహీనపడుతుందని ఒప్పుకోవాలి. పన్నెండు ట్రిక్కుల ఒప్పందంలో వల్నరబుల్ బోనస్ గేమ్ బోనస్ మీద అదనంగా 750. రెండు ఆసులు లేకుండా అక్కడికి వెళితే అంతా పోయినట్టే కాబట్టి ఆసులెన్నో అడిగే బ్లాక్‌వుడ్ లాంటి ప్రశ్నలు తమ ఖర్చును తామే సంపాదించుకుంటాయి. అక్కడ కూడా తెలివైన జంటలు తెలుసుకోవలసిన ఒక్క విషయం తెలియగానే మాటలు ఆపేస్తాయి. ఆరో మెట్టు దాకా ప్రతి రంగులోనూ ఏముందో చెప్పుకుంటూ వెళ్లిన వేలం చూడముచ్చటగా ఉంటుంది. లీడ్ చేసేవాడికి ఎక్కడ కొట్టాలో కూడా అదే చూపిస్తుంది.

డిఫెన్స్‌కు వస్తే దృశ్యం పూర్తిగా మారుతుంది. సగటున నాలుగు పంపకాల్లో ఒకసారి డిక్లేరర్, ఒకసారి డమ్మీ, రెండుసార్లు డిఫెండర్ అవుతాం. ఆటలో సగభాగమైన దీని గురించి జంటలు మాట్లాడుకునే సమయం బిడ్డింగు గురించి మాట్లాడుకునే సమయంలో పదోవంతు కూడా ఉండదని నా అనుమానం. చరిత్ర మాత్రం దీనికి వ్యతిరేకంగా నడిచింది. బ్రిడ్జి పుట్టక ముందు, విస్ట్ ఆట రోజుల్లోనే, 1834లో లార్డ్ హెన్రీ బెంటింక్ అక్కరలేని పెద్ద ముక్కను ముందు వేసి, తర్వాత చిన్నది వేసి, తురుపు ఆడమని భాగస్వామిని అడిగే సంకేతాన్ని ప్రవేశపెట్టాడు. కృత్రిమమైన బిడ్డులు రావడానికి దాదాపు శతాబ్దం ముందే డిఫెండర్లు ముక్కలతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారన్నమాట.

ఒక డిఫెండర్ వేసే చిన్న ముక్క మూడు సంగతుల్లో ఏదో ఒకటి చెప్పగలదు. ఈ రంగు మళ్లీ ఆడు లేదా ఆడకు అన్న ఇష్టాయిష్టాలు మొదటిది. ఈ రంగులో నా దగ్గర సరి సంఖ్యలో ముక్కలున్నాయా బేసిలోనా అన్న లెక్క రెండోది. మిగిలిన రంగుల్లో పెద్దదానికి రమ్మంటున్నానా చిన్నదానికా అన్న సూచన మూడోది. దీన్ని 1930లలో హై లావింథాల్ ప్రచారంలోకి తెచ్చాడు. అసలు చిక్కు ఏమిటంటే మూడింటికీ ఒకటే నోరు. ఎనిమిది పడింది; అది రమ్మనడమా, సరి సంఖ్యా, ఆఠీన్ అడగడమా? చాలామంది ఏ సంకేతం ఆడాలి, పెద్ద ముక్క ఇష్టమా చిన్న ముక్క ఇష్టమా అని వాదించుకుంటారు. తిరగేసిన సంకేతాల్లో చిన్న ముక్క ఇష్టాన్ని చెబుతుంది. రాణి, తొమ్మిది, రెండు ఉన్నప్పుడు విలువైన తొమ్మిదిని పారేయకుండా రెండుతోనే రమ్మనవచ్చు కాబట్టి దానిలో కొంత లాభముంది, నేనూ అదే ఇష్టపడతాను. అయినా ఆ తేడా చిన్నది. ఏ సందర్భంలో మూడింటిలో ఏ అర్థం తీసుకోవాలన్నది స్థిరపడకపోతే అక్షరాలు ఎంత చక్కగా రాసినా ఫలితం ఉండదు. భాగస్వామి లీడ్ చేసిన రంగులో ముందు ఇష్టం. అది డమ్మీ చూడగానే తేలిపోయే సందర్భమైతే లెక్క. లెక్కతో కూడా పనిలేదని ఇద్దరికీ కనబడితే రంగు సూచన. ఈ వరుస పాతదే, దీన్ని మించినది నేను చూడలేదు.

ఒక పంపకం తీసుకుందాం. ఒప్పందం నోట్రంపు. డమ్మీలో కళావరు రాజు, రాణి, జాకీ, పది, ఐదు. వేరే రంగుల్లో డమ్మీకి చేరే దారి లేదు. డమ్మీ వెనక కూర్చున్న నా దగ్గర ఆసు, ఏడు, నాలుగు. డిక్లేరర్ తన చేతినుంచి కళావరు ఆడాడు. నేను ఆసు ఎప్పుడు తీయాలి? డిక్లేరర్ దగ్గర రెండే ఉంటే రెండో రౌండులో తీయాలి, అప్పుడు అతనికి ఆ రంగులో ఒక్క ట్రిక్కే దక్కుతుంది. మూడుంటే మూడో రౌండు దాకా ఆగాలి. తొందరపడి రెండో రౌండులోనే తీస్తే అతని చేతిలో మిగిలిన కళావరుతో డమ్మీలోకి వెళ్లి మొత్తం నాలుగు ట్రిక్కులు తీసుకుంటాడు. మరీ ఆగితే, రెండే ఉన్నప్పుడు, ఊరికే ఒక ట్రిక్కు ఇచ్చినట్టు. నాకు కనబడని కళావర్లు ఐదు: తొమ్మిది, ఎనిమిది, ఆరు, మూడు, రెండు. మామూలు పద్ధతిలో భాగస్వామి రెండు వేస్తే బేసి, అంటే మూడు, డిక్లేరర్‌కు రెండు. ఎనిమిది వేస్తే సరి, బహుశా రెండు, డిక్లేరర్‌కు మూడు. రెండు వేసినప్పుడు అది ఒంటరి ముక్క కూడా కావచ్చు కదా అంటే కావచ్చు. అప్పుడు డిక్లేరర్ దగ్గర నాలుగుంటాయి, నేను ఎంత ఆగినా అతన్ని ఆపలేను. ఆపలేని దాని గురించి ఆలోచించడం దండగ కాబట్టి మూడనే అనుకుని ఆడాలి. ఎనిమిదికి నాలుగు ముక్కల అర్థం వస్తుందేమోనన్న సందేహం సాధారణంగా వేలం విన్నవాడికి మిగలదు.

ఈ సంకేతాన్ని డిక్లేరర్ కూడా చూశాడు. దానివల్ల అతనికి ఒరిగిందేమిటి? ఏమీ లేదు. తన చేతిలో రెండున్నాయో మూడున్నాయో అతనికి ముందే తెలుసు. మిగతావి మా ఇద్దరి మధ్యా ఎలా పంచుకున్నా అతని ఆట మారదు. ఇంత శుద్ధమైన లాభం బ్రిడ్జిలో అరుదుగా దొరుకుతుంది, అయినా ఇలాంటి చోట కూడా నిర్లక్ష్యంగా చేతికందిన ముక్క వేసేవారు ఎందరో.

ఇప్పుడు ఇంకో రంగు చూడండి. డమ్మీలో డైమన్ ఆసు, జాకీ, ఆరు, నాలుగు. డిక్లేరర్ దగ్గర రాజు, పది, ఎనిమిది, మూడు. రాణి మాలో ఒకరి దగ్గరుంది. ఆ రంగులో రాణిని ఎటునుంచైనా పట్టవచ్చు. ఎటు అన్నదే అతని ప్రశ్న. మాకున్న ఐదు డైమన్లు మూడు, రెండుగా పడే అవకాశం నూటికి దాదాపు 68. అతను ముందు వేరే రంగులు ఆడుతుండగా మేమిద్దరం పారేసే డైమన్లతో నిజాయితీగా లెక్క చెబితే, మూడు ఎవరి దగ్గరున్నాయో అతనికి తెలిసిపోతుంది. రాణి ఆ చేతిలో ఉండే అవకాశం ఐదింట మూడు. దాదాపు సగానికి సగంగా ఉన్న ఊహను మేమే 60కి పెంచి ఇచ్చాం. దీనికి బదులుగా మాకు దక్కింది శూన్యం, ఎందుకంటే మా ఇద్దరిలో ఎవరికీ ఆ రంగులో తీసుకోవాల్సిన నిర్ణయమే లేదు. కళావరులో మౌనం ఎంత తప్పో డైమన్‌లో నిజం అంత తప్పు. సంకేతాలు ఎప్పుడూ నిజాయితీగా ఇవ్వాలన్న ఉపదేశం ఈ రెండింటినీ ఒకే గాటన కడుతుంది. నన్నడిగితే నియమం ఇలా ఉండాలి: ఈ సంగతి తెలిస్తే ఎవరి నిర్ణయం మారుతుంది? భాగస్వామిది అయితే చెప్పు, డిక్లేరర్‌ది అయితే చెప్పకు, ఇద్దరిదీ అయితే ఎవరిది పెద్ద నిర్ణయమో చూడు.

అబద్ధం చెప్పడానికీ ఇదే లెక్క పనికొస్తుంది. డిక్లేరర్ 15–17తో 1 నోట్రంపు అన్నాడు, డమ్మీలో 10 పాయింట్లు కనబడుతున్నాయి, నా చేతిలో 12. మొత్తం 40 కాబట్టి భాగస్వామికి మిగిలేవి ఎక్కువలో ఎక్కువ 3. ఆ చేతిలో ఆడదగ్గ నిర్ణయాలు ఉండే అవకాశం తక్కువ కాబట్టి నా ముక్కలు చెప్పే కథను అతను నమ్మినా పెద్దగా మోసపోడు. నమ్మి మోసపోయేది డిక్లేరరే. అలాగే నా చేతిలో ఏమీ లేనప్పుడు నా ప్రతి ముక్కా నిజమే చెప్పాలి, ఎందుకంటే నిర్ణయాలన్నీ భాగస్వామి చేతిలో ఉన్నాయి. బలవంతుడు దాచాలి, బలహీనుడు చెప్పాలి. ఇలా చేయడానికి రహస్య ఒప్పందం అక్కరలేదు. ఎవరి దగ్గర ఎన్ని పాయింట్లున్నాయో కూడి చూసుకోగలిగితే చాలు.

లీడ్‌లో కూడా ఇదే సమస్య చిన్న రూపంలో ఉంది. పొడవైన రంగులో పైనుంచి నాలుగో ముక్క లీడ్ చేస్తే, దాన్ని 11 నుంచి తీసివేయగా వచ్చే సంఖ్య మిగిలిన మూడు చేతుల్లో దానికన్నా పెద్ద ముక్కలెన్నో చెబుతుంది. భాగస్వామి ఏడు లీడ్ చేశాడు. డమ్మీలో రాణి, ఎనిమిది, మూడు. నా దగ్గర రాజు, పది, ఐదు. పదకొండులో ఏడు పోతే నాలుగు, ఆ నాలుగూ నాకు కనబడుతున్నాయి, కాబట్టి డిక్లేరర్ దగ్గర ఏడును మించినదేదీ లేదు. అద్భుతంగా ఉంది గానీ, డిక్లేరర్‌కూ కూడికలు, తీసివేతలు వచ్చు. అందుకే కొందరు నాలుగో ముక్కను వదిలి వేరే లీడ్ ఒప్పందాలకు మారారు. నోట్రంపు మీద నేనింకా నాలుగో ముక్కకే ఓటేస్తాను, ఎందుకంటే మొదటి ట్రిక్కు దగ్గర భాగస్వామి డిక్లేరర్‌కన్నా ఎక్కువ అజ్ఞానంలో ఉంటాడు. ఒకే సమాచారం ఇద్దరికీ అందితే ఎక్కువ లాభం అతనిదే.

డిక్లేరర్‌కు అర్థంకాకుండా భాగస్వామికి మాత్రమే అర్థమయ్యే సంకేతం నియమాలకు లోబడే ఉండగలదా? ఉండగలదు, ఇది ఆటలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే మూల. వేలంలో డిక్లేరర్ తన దగ్గర సరిగ్గా నాలుగు ఆఠీన్లున్నాయని తేటగా చెప్పాడనుకుందాం, డమ్మీలో మూడున్నాయి. మాకు మిగిలినవి ఆరు. నా ఆఠీన్లు లెక్కబెట్టుకుంటే భాగస్వామివి ఎన్నో నాకు తెలుస్తుంది, అతనికీ అంతే. ఆరును ఎలా పంచినా ఇద్దరికీ సరి సంఖ్యలో రావాలి లేదా ఇద్దరికీ బేసిలో రావాలి. మా ఒప్పందం ఇది: సరి అయితే పెద్ద ముక్క రమ్మనడం, బేసి అయితే చిన్న ముక్క రమ్మనడం. ఈ ఒప్పందాన్ని డిక్లేరర్‌కు ఉన్నదున్నట్టు చెప్పేస్తాం, ఒక్క మాట దాచం. అయినా మా ఆఠీన్లు ఎలా పడ్డాయో తెలిసేదాకా అతనికి మా సంకేతం చదవడం రాదు. తాళంచెవి పంపకంలోనే ఉంది, వేలంలో అతను చెప్పిన మాటే దాన్ని మాకు అందించింది. గణితవేత్త పీటర్ వింక్లర్ 1983లో క్రిప్టాలజియా పత్రికలో ఇలాంటి ఆలోచనలను వివరించాడు. ఉత్తర అమెరికా ఆటను నడిపించే కాంట్రాక్ట్ బ్రిడ్జ్ లీగ్ ఇలాంటి డిఫెన్స్ సంకేతాలను నిషేధించింది.

ఈ నిషేధానికి సాధారణంగా చెప్పే సమర్థన ప్రత్యర్థికి పూర్తి వివరణ దక్కాలన్న సూత్రం. అది ఇక్కడ అతకదు. ఒప్పందం మొత్తం బయటపెట్టాం. దాచింది మా ముక్కలను మాత్రమే, వాటిని దాచుకోవడం ప్రతి ఆటగాడి హక్కు. పాస్‌తో బలం చూపే పద్ధతుల నిషేధానికీ ఇదే లోపముంది: రెండుచోట్లా సూత్రం పేరు చెప్పి నిజానికి కాపాడుతున్నది ఆట ఇప్పుడున్న రూపాన్ని. అలా కాపాడుకోవడం తప్పని నేననడం లేదు. డిక్లేరర్‌కు డిఫెండర్ల ముక్కలు చదవడంలో ఉన్న ఆనందం పోతే ఆట కొంత చప్పబడుతుంది, నిర్వాహకులకు ఆ మాట నేరుగా చెప్పే అధికారమూ ఉంది. చెప్పవలసిన కారణం అది అయినప్పుడు న్యాయం పేరు వాడుకోవడం నాకు నచ్చదు.

డిఫెన్స్‌లోనే సమాచారం అన్నిటికన్నా అరుదైనదన్న నా మాటకు మోసాల చరిత్ర ఒక అవాంఛిత సాక్ష్యం. 2015లో నార్వే ఆటగాడు బోయె బ్రోగెలాండ్ బహిరంగంగా మొదలుపెట్టిన ఆరోపణల పరంపరలో ప్రధానమైనవి చూస్తే, పంపకం ఉంచే పళ్లేన్ని బల్లమీద ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టి ఏ రంగు లీడ్ చేయాలో సూచించారన్నది ఒకటి, లీడ్ చేసిన ముక్కను నిలువుగా పెట్టారా అడ్డంగా పెట్టారా అన్నది ఆ రంగులో పెద్ద ముక్కల గురించి చెబుతుందన్నది మరొకటి. ప్రపంచ స్థాయి జంటల బిడ్డింగు పద్ధతులు అప్పటికే వందల పేజీల్లో ఉండేవి. అయినా ఆ ఆరోపణల్లో కేంద్రంగా ఉన్నది లీడ్ చుట్టూ ఒకటి రెండు చిన్న సూచనలు.

యంత్రాల సంగతి కూడా ఇదే చెబుతుంది. 2022లో పారిస్‌లో నూక్ అనే ప్రోగ్రాం ఎనిమిది మంది ఛాంపియన్లను దాటేసిందని వార్తలు వచ్చినప్పుడు చాలామంది బ్రిడ్జి కూడా అయిపోయిందన్నారు. ఆ పోటీలో ఆడింది డిక్లేరర్ పాత్ర మాత్రమే. ఒప్పందం ముందే 3 నోట్రంపుగా నిర్ణయించారు, డిఫెన్స్ ఆడింది వేరే ప్రోగ్రాములు. భాగస్వామితో మాట్లాడాల్సిన రెండు భాగాలనూ బయట పెట్టి ఆట పెట్టారన్నమాట. ఆ రెండు భాగాల్లో యంత్రాలు ముందుకు వెళ్లడం కష్టమని నేననుకోవడం లేదు. ఒకే ప్రోగ్రాం రెండు ప్రతులు ఒకదానితో ఒకటి కోట్లసార్లు ఆడి తమ సొంత వేలం భాషను కల్పించుకోగలవు, అలాంటి ప్రయత్నాలు పరిశోధనల్లో జరుగుతున్నాయి కూడా. చిక్కంతా ఆ భాషలోని 2 డైమన్‌కు అర్థమేమిటని ప్రత్యర్థి అడిగినప్పుడు వస్తుంది. ఫలానా రకం చేతులు, ఇన్ని పాయింట్లు అని మనిషి చెప్పగలిగిన వాక్యం అక్కడ లేకపోవచ్చు. ఉన్నది లక్షల పంపకాల మీద పరుచుకున్న సంభావ్యతల పట్టిక. ఆ పట్టిక మొత్తం చేతికిచ్చినా బల్ల దగ్గర కూర్చున్న ఆటగాడికి వివరణ దక్కినట్టేనా అన్న ప్రశ్నకు ఇప్పుడున్న నియమాల్లో జవాబు లేదు. మనుషుల పోటీల్లోకి యంత్రాలు తయారుచేసిన పద్ధతులు రావడం మొదలైతే నిర్వాహకులు ముందుగా రాయాల్సిన నియమం అదే.